ట్రయల్ కాక

చచ్చిపోయినవాళ్ళ మీద కూడా కుళ్ళుకోవచ్చని నాకు మొన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో తెలిసింది. మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎదురుగా స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ. ఫ్లెక్సీ చూసి ఆగే మనిషిని కాను నేను. పుట్టినరోజులకీ పదవులకీ చావులకీ ఒకే సైజులో కట్టే ఊళ్ళో ఎన్నిటికని ఆగుతాం? కానీ ఆ ముఖం నాకు తెలుసు. ఖాకీ చొక్కా, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు, మెడలో తాడుకు వేలాడుతున్న డ్రోన్ రిమోటు. పైన పెద్ద అక్షరాలతో "ట్రయల్ కాక ఇక లేరు" అని, కింద చిన్న అక్షరాలతో అసలు పేరు. ఆ పేరు చూడటం అదే మొదటిసారి. నాలుగేళ్ళ పరిచయంలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది కదా అని ఇక్కడ రాయను. ఎవరూ ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు.

"అయ్యో" అనుకోవడానికి ముందు నాకు ఇంకొకటి తోచింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. నేను పోతే నాకెవడైనా కడతాడా ఇంత ఫ్లెక్సీ? ఇరవై రెండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని గృహప్రవేశాలు, ఎన్ని ప్లాట్ల వెంచర్లు! ఈ చుట్టుపక్కల సగం మంది పెళ్ళిళ్ళు నా చేతి మీదుగానే పోయాయి. నా పేరు ఏ ఒక్కడికైనా గుర్తుందా? ఈయనేమో బస్సు డ్రైవరు సీటు దిగి, నాలుగేళ్ళు డ్రోన్ ఎగరేసి, స్తంభమెక్కి కూర్చున్నాడు.

పైగా ఆ "ట్రయల్" అన్న మాట ఆయన నెత్తిన రుద్దింది నేనే. తెలిసీ, కావాలనే చేశాను. ఆ సంగతి ఆయనకు తెలుసా తెలియదా అన్నది నాలుగేళ్ళుగా నన్ను చెప్పులో రాయిలా గుచ్చుతోంది. ఇక ఎప్పటికీ తెలియదు కాబోలు అనుకుంటూ, ఆ ట్రాఫిక్‌లో, వెనకనుంచి ఆటోవాడు తిట్టేదాకా నిలబడ్డాను.

మొదటిసారి మా స్టూడియోకి వచ్చినప్పుడు ఆయన చెప్పులు తలుపు బయటే విడిచాడు. మాది రెండో అంతస్తు. కింద టిఫిన్ బండి, పక్కన కోచింగ్ సెంటరు, ఎదురుగా అమ్మాయిల హాస్టలు. పైకి వచ్చేవాళ్ళు చెప్పులతోనే వస్తారు. ఈయన మాత్రం ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చి, చంకలోంచి పొడుగాటి నోటు పుస్తకం తీసి, నిలబడే మాట్లాడాడు.

"నమస్తే సార్. జర టైమియ్యాలె. పని తీస్కొని రాలే, తెల్సుకుందామని ఒచ్చిన. ఐదు సవాల్లున్నయ్."

"కూర్చోండి బాబాయ్ గారూ" అన్నాను.

"బాబాయ్ ఏంది సార్, పరాయోళ్ళ లెక్క! కాక అనుండ్రి."

అలా కాక అయ్యాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడట. సొంతూరు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, ఇల్లు మీర్‌పేట్‌లో. పెళ్ళి ఫోటోలు తీసే ఒకాయన దగ్గర చిన్న డ్రోన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎగరేయడం వచ్చింది, తీయడం వచ్చింది, ఇక అతికించడం రావాలి. దానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో కనుక్కోవడానికి దుకాణం దుకాణం తిరుగుతున్నాడు. మాది ఏడోది.

"ఈ వయసులో డ్రోన్ ఎందుకు కాకా?" అన్నాను. నవ్వు దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ముప్పై ఏండ్లు గీ రోడ్లను అద్దంలకెంచి చూసిన సార్. ముందట ఏమున్నది, ఎనుక ఎవడొస్తుండు, గంతే. జర పైకెంచి ఎట్లుంటదో చూద్దామని."

తర్వాత ఆ ఐదు సవాళ్ళు చదివాడు. పింఛను మీద బతికేవాడు కొనగలిగేది ఏది? కొత్తవాడికి ఎన్ని రోజుల్లో చెయ్యి తిరుగుతుంది? డ్రోన్ ఫైళ్ళు మహా బరువు కదా, తన బిడ్డ పాత కంప్యూటర్‌లో ఆగకుండా నడుస్తుందా? నాలుగోది ఆయన మాటల్లోనే చెప్పాలి: "తప్పు జాగల కోస్తె ఎనుకకు పోనీకె రివర్స్ గేరున్నదా?" ఐదోది అడగలేదు, నా కంప్యూటర్ వైపు చూపించి, "అబ్దుల్లాపూర్‌మెట్ అని రాయుండ్రి సార్" అన్నాడు.

రాశాను. వేలకు వేలు పోసి ఏడాదికోసారి కట్టుకునే నా సాఫ్ట్‌వేర్‌లో ల కింది ఒత్తు ఊడి పక్కకొచ్చి నిలబడింది. అది నాకు పాత సంగతే. మేం తెలుగు పేర్లు వేరేచోట రాసి, బొమ్మగా చేసి తెచ్చి అతికిస్తాం.

"గింత పెద్ద బండికి స్టెప్నీ లేదేంది సార్?" అన్నాడు కాక. టేబుల్ దగ్గర ఆల్బమ్ అతికిస్తున్న మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు అక్కడే మొదటి చురక తగిలింది.

అప్పటికి కూడా మంచి మాటే చెప్పేవాణ్ణేమో. నా దగ్గర ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరికీ మొదట చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పూర్తిగా ఉచితం. వీడియో మీద ఏ ముద్రా పడదు. బరువైన డ్రోన్ ఫైళ్ళకు తేలికపాటి నకళ్ళు తనే తయారు చేసుకుంటుంది కాబట్టి పాత కంప్యూటర్ కూడా ఆయాసపడదు. ఒత్తులు చెదరవు. ఐదు సవాళ్ళకూ ఒకటే జవాబు, నోటి చివరి దాకా వచ్చింది. ఈలోగా ఆయన, "ముందుగాల నేను తీసింది జర చూడుండ్రి" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

తెల్లవారుజామున ఎల్బీ నగర్ చౌరస్తా. ఇంకా వీధి దీపాలు ఆర్పలేదు. విజయవాడ రోడ్డు నుంచి, సాగర్ రోడ్డు నుంచి బస్సులు ఒక్కొక్కటీ వస్తున్నాయి. డ్రోన్ కదలడం లేదు. ఒక పాత బస్సు మలుపు తిరగడం మొదలుపెట్టింది. అది తిరిగీ తిరిగీ, మొత్తం ఒళ్ళంతా మలుపులోంచి బయటపడి, నిటారుగా అయ్యేదాకా కెమెరా ఊపిరి బిగపట్టి చూసింది. అంతే వీడియో. పాట లేదు, గింగిరాలు లేవు. నేను ఆ చౌరస్తాను వెయ్యిసార్లు దాటి ఉంటాను. అంత పెద్ద బస్సు మలుపు తిరగడం ఒక పని అని, దాన్ని ఒక మనిషి చేస్తాడని, ఆ రోజే చూశాను.

ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టేశాను. నా దగ్గర ఇద్దరు డ్రోన్ ఆపరేటర్లున్నారు, ఆయన డ్రోన్‌లాంటివి నాలుగు కొనేంత ఖరీదైన డ్రోన్ ఉంది. ఇలాంటి షాట్ ఒక్కటి లేదు. ఎక్కడ ఆగాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఈయనకి ఎవరు చెప్పారు?

"బాగుంది" అన్నాను. "మీకు సరిగ్గా సరిపోయేది ఒకటుంది కాకా" అని, ఉచితమైనది మింగేసి, వేరే దాని పేరు రాసిచ్చాను. అదీ సులువే. అదీ పాత కంప్యూటర్‌లో నడుస్తుంది, ఒత్తులు బాగానే వస్తాయి, రివర్స్ గేరూ ఉంది. అబద్ధమాడాల్సిన అవసరమే రాలేదు. చెప్పనిదల్లా ఒక్కటే. డబ్బు కట్టేదాకా అది చేసే ప్రతి వీడియో నడిమధ్యన, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఇంగ్లీషులో ట్రయల్ అని పెద్ద ముద్ర కొడుతుంది. కట్టాల్సిన డబ్బు ఆయన పింఛనుకు అందేది కాదు. ఆ ముద్ర చూసి విసుగొచ్చి మానేస్తాడని నా లెక్క.

కాక అంతా తన పుస్తకంలో ఎక్కించుకుని, చాయ్ తాగి, ఆ గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళాడు. ఆయన మెట్లు దిగేదాకా ఆగి మా ఆవిడ అడిగింది.

"ఏవండీ, ఆయనకి ముద్ర పడేది చెప్పారేంటి?"

"మర్చిపోయాను."

"మర్చిపోయిన ముఖం అలా ఉండదు" అంది.

కాక మానలేదు. మొదట్లో ఏ సందేహం వచ్చినా మా మెట్లెక్కేవాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు, ఎదురు చూశానంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కుర్చీలో కూర్చుంటే స్టీరింగ్ ముందు కూర్చున్నట్టే. ముందు భుజం మీది తువ్వాలుతో నా కంప్యూటర్ తెరను ఎడమ నుంచి కుడికి తుడిచేవాడు. వీడియో ఆపమనాలంటే "హోల్డాన్" అనేవాడు. నడిపించమనాలంటే "రైట్ రైట్". షాట్లు వరసగా పేర్చే పట్టీని "రోడ్డు" అనేవాడు. తయారైన వీడియో ఫైలుగా బయటికి రావడం "డిపోకు చేరుడు". ఎక్కడ కత్తిరించాలన్నా ముందు కుడివైపు ఓరగా చూసేవాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"ఏం చూస్తున్నారు కాకా?"

"అద్దం. ముప్పై ఏండ్ల అలవాటు, యాడికి పోతది?"

ఆయన ఎడిటింగ్ శాస్త్రమంతా రెండు మాటలు. "మలుపు తిరిగేటప్పుడు కొయ్యొద్దు." "స్టాపు లేని జాగల ఆపొద్దు." మన కుర్రకారు రెండు సెకన్లకో షాట్ మార్చి, గిరగిరా తిప్పి, జనాన్ని ఊపిరాడనివ్వకుండా చేస్తారు కదా, ఆయనకి అది అస్సలు గిట్టేది కాదు. నా పెళ్ళి వీడియో ఒకటి చూసి తల ఊపి, "మంచిగున్నది సార్. కని, పాసింజర్లు పడిపోతరు" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మండుతుంది. మండటానికి కారణం అది నిజం కావడమే.

ఇక మీర్‌పేట్ గృహప్రవేశం. ఆటో స్పేర్ పార్టుల దుకాణం నడుపుకునే దంపతుల ఇల్లు. వీడియో నాది. హాల్లో తెర కట్టించి, నాలుగు నిమిషాల హైలైట్స్ వేశాను. డ్రోన్ ఇంటి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. అక్షరాలు నిప్పురవ్వలు చిమ్ముతూ వచ్చాయి. చూసినవాళ్ళు "మంచిగున్నది సార్" అని విస్తళ్ళ దగ్గరికి పోయారు. వైర్లు చుట్టుకుంటుండగా ఆ ఇల్లాలు నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది.

"ఏమనుకోవద్దు సార్. మా ఇంటిది ట్రయల్ కాకతోని గూడ తీపిచ్చిన. జర గా తెర మీద ఏస్తరా?"

ట్రయల్ కాక! ఆ పేరు వినడం అదే మొదలు. వేశాను. వేయక ఏం చేస్తాను?

ఒకటిన్నర నిమిషాల వీడియో. మొదలయ్యింది కొత్త ఇంటి దగ్గర కాదు. నాలుగు సందుల అవతల, రేకులు కప్పిన రెండు గదుల వాటా. అక్కడ వాళ్ళు పదకొండేళ్ళు కిరాయికున్నారట. కాక వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకుముందల యాడున్నరు బిడ్డా?" అనేనట. డ్రోన్ ఆ రేకుల మీద నుంచి మెల్లిగా లేచి, ఆవిడ నీళ్ళ బిందె మోసిన సందు, పిల్లల బడి, దుకాణం షట్టర్ మీదుగా, ఎక్కడా కత్తిరింపు లేకుండా, ఒకటే ట్రిప్పుగా వచ్చి కొత్త ఇంటి డాబా మీద దిగింది. డాబా మీద వాళ్ళ అత్తగారు నీళ్ళ ట్యాంకు నీడన కుర్చీ వేసుకుని కూర్చుని, పైకి చూసి చెయ్యి ఊపింది. వీడియో అంతటా నడిమధ్యన ట్రయల్ అనే ముద్ర, నేను కొట్టించిన ముద్ర, ఆ సందులన్నిటి మీదా పరుచుకుని ఉంది.

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఎంగిలి చేతులతోనే లేచి వచ్చారు. ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్ళీ వేయమన్నారు. నా చేత్తోనే మూడుసార్లు వేయించారు. ఆ మూడోసారి వాళ్ళ బావమరిది నా భుజం తట్టి అడిగాడు: "సార్, కాక వీడియోల ట్రయల్ అని ఒస్తది గద, మీ దాంట్ల రాలేదేంది? డూప్లికేటా?"

నేను తవ్విన గుంట ఆయనకి అరుగైంది. చెరపకురా చెడేవు అని చిన్నప్పుడు ఊరికే కాపీ రాయించలేదు మాస్టారు. ఆ డాబా మెట్లు దిగుతుంటే నన్ను తినేసింది ఒకటే. కిరాయి ఇంటి నుంచి మొదలుపెట్టాలని నాకెందుకు తట్టలేదు? నేనూ పదిహేనేళ్ళు కిరాయికున్నవాణ్ణే కదా!

వారం తర్వాత దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురుగా చాయ్ దుకాణంలో కాక కనిపించాడు. మనసు గట్టి చేసుకుని మొదలుపెట్టాను.

"కాకా, ఆ ముద్ర పడకుండా వేరేది ఉంది. ఉచితమే. నేను మీకప్పుడు..."

"ఉండనీ తమ్మీ" అన్నాడు. సార్ నుంచి తమ్మీకి ఎప్పుడు దిగానో నాకే తెలియదు. "డిపోల ట్రయల్ అంటే ఏందో తెల్సా నీకు?"

తెలియదన్నాను.

"బండి రిపేరై షెడ్డుల కెంచి బయటికొస్తది సూడు, దాన్ని రోడ్డు మీదికి తీస్కపోయి సూడాలె. బ్రేకు పడ్తున్నదా, చప్పుడొస్తున్నదా అని. గది ఎవనికి పడ్తె వానికియ్యరు. సీనియర్ డ్రైవర్‌కే ఇస్తరు. ముందట అట్ట మీద ట్రయల్ అని రాసి పెడ్తరు. గా బండిని ఎవ్వడు ఆపడు, చెయ్యెత్తడు, గంట కొట్టడు. ఒక్కడివే! రోడ్డంత నీదే! ముప్పై ఏండ్లల్ల నాకు గంత ఖుషీ ఇంకెన్నడు రాలే." చాయ్ ఊదుకుని తాగాడు. "మా ఇంట్ల కంప్యూటర్ల గా మాట పడంగనే నవ్వొచ్చింది. ఇంగ మల్ల ట్రయల్ బండి దొరికిందిర అనుకున్న."

అప్పుడే చెప్పాల్సింది. కాకా, నేను కావాలనే చేశాను, కుళ్ళుతో చేశాను అని. చెప్పలేదు. శిక్ష వేద్దామని ఇచ్చింది ఆయన బహుమతిగా తీసుకున్నాడు. శిక్ష కూడా సరిగ్గా వేయడం చేతకాలేదన్న ఉక్రోషం కూడా కొంత ఉంది. చాయ్ డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఆయన కొత్త వీడియో చేసినప్పుడల్లా నా ఫోన్‌కి పంపేవాడు. కింద ఒకటే మాట: "ఎట్లున్నది తమ్మీ?" నేను తెరిచేవాణ్ణి కాదు. చూస్తే బాగుంటుందని తెలుసు, బాగుంటే ఆ పూట పాడైపోతుందనీ తెలుసు. వచ్చింది వచ్చినట్టే తుడిచేసేవాణ్ణి. రెండేళ్ళు అలా తుడిచాను. ఒక్కదానికీ జవాబు పెట్టలేదు. పంపడం ఆయనా మానలేదు.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను ట్రయల్ కాక బిడ్డను. నాయిన పదో దినానికి ఒక వీడియో చెయ్యాలె. మా దిక్కు గృహప్రవేశం చేసినోల్లు నీ నంబరిచ్చిండ్రు."

మీర్‌పేట్‌లోని కాక ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు అక్కడి బళ్ళో టీచరు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, కానీ మాట తడబడలేదు. "నాయిన ఫోటోలు వద్దన్నా. ఆయన మొకం మాకు ఎరికే. ఆయన చూసినయ్ చూపియ్యాలె" అంది. వసారాలో టేబుల్ మీద ఆ పాత కంప్యూటర్. తెర మీద మడత పెట్టిన తువ్వాలు కప్పి ఉంది. తీసి, ఎడమ నుంచి కుడికి తుడిచాను. చెయ్యి దానంతటదే అలా వెళ్ళింది.

తెరిచి చూస్తే నేను రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ లేదు. ఆ రోజు నోటి చివరి దాకా వచ్చి మింగేసిన ఉచితమైనది, అదే ఉంది.

"ఇదెప్పటి నుంచి వాడుతున్నారమ్మా?"

"ఇది నేనే ఎక్కిచ్చిన అన్నా. మా బళ్ళె కంప్యూటర్ టీచర్ చెప్పింది, దీంట్ల ముద్ర పడదని. రెండేండ్లు దాటింది. ముద్ర లేకుండ ఒక వీడియో పంపిండు నాయిన. ఇగ సూడు, అందరు ఫోన్లు. గిది నీది కాదు కాకా, ఎవనిదో కొట్టుకొచ్చినవ్ అని. మల్ల కూసొని, నాయిననే సొంతంగ రాసి పెట్టుకున్నడు."

ఆయన చివరి వీడియో తెరిచాను. షాట్లన్నిటి పైన, అన్నిటికన్నా పై వరసలో, తెలుగు అక్షరాల్లో ఒకటే మాట ఉంది. ట్రయల్. ట కింద ర ఒత్తు చక్కగా ఒదిగి కూర్చుంది. ఆ రెండేళ్ళ వీడియోల్లో ఒక్కటి తెరిచి ఉన్నా నాకు అది కనబడేది.

ఏ ఫైల్లో ఏముందో తెలుసుకుందామని పక్కనున్న నోటు పుస్తకం తీశాను. అదే పొడుగాటి పుస్తకం. మొదటి పేజీల్లో ఆయన తిరిగిన దుకాణాలున్నాయి. మొదటి దుకాణం: నవ్విండు. రెండో దుకాణం: కొత్త కంప్యూటర్ కొనమన్నడు. మూడో దుకాణం: నీ వయసెంత అని అడిగిండు. అలా వస్తూ వస్తూ ఏడోది. లావాటి గుండ్రటి అక్షరాలు, పంక్తులు కిందికి జారకుండా అడ్డుపట్టీ పెట్టి రాసినట్టున్నాయి.

"ఏడో దుకాణం. ఆంధ్ర సారు. చాయ్ తాపిండు. ఐదు సవాల్లకు మంచిగ జవాబిచ్చిండు. ముద్ర పడ్తదని చెప్పలే. ఇంటికొచ్చినంక కనవడ్డది. నా వీడియో సూడంగనే సారు మొకం మాడింది. అంటె వీడియో మంచిగొచ్చినట్టే."

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనబడలేదు. ఆమె నా భుజం మీదుగా పేజీ చూసి, ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

"ఆ సారు నువ్వేనా అన్నా? వీడియో చేసినప్పుడల్ల నాయిన అదే అంటుండె. దిల్‌సుఖ్‌నగర్ సారుకు పంపుతున్న బిడ్డా, మొకం మాడ్తదో లేదో సూద్దాం అని. జవాబు రాకుంటె, మస్తు మాడినట్టున్నది అని ఒకటే నవ్వుడు."

నాలుగేళ్ళు! నేను ముసుగేసుకుని దాక్కున్నాననుకున్నాను. ఆయన మొదటి రోజే అద్దంలో చూసేశాడు. చూసి, తిట్టలేదు, అడగలేదు. నా కుళ్ళును కొలబద్దగా వాడుకున్నాడు. ఇంతమంది "మంచిగున్నది కాకా" అంటుంటే, మాట్లాడకుండా మాడిపోయే నా ముఖాన్నే నమ్మాడు. ఒక్క మాట, "బాగుంది కాకా" అని ఒక్క మాట పెట్టి ఉంటే నా సొమ్మేం పోయేది?

వీడియో ఆ వసారాలోనే చేశాను. నా స్టూడియోకి తీసుకెళ్ళాలని మొదట అనుకున్నాను కానీ, నా సాఫ్ట్‌వేర్‌లో ఒత్తు ఊడిపోతుందని ఊరుకున్నాను. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఆయన ఊరు, హయత్‌నగర్, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఆయన బస్సు నడిచిన వరసలోనే షాట్లు పేర్చాను. పాట పెట్టలేదు. స్టాపు లేని చోట ఆపలేదు. ఒకచోట మలుపు మధ్యలో కత్తిరించబోయి, నాకు తెలియకుండానే కుడివైపు చూశాను. రివర్స్ గేరు వేసి, ఆ పాత బస్సును పూర్తిగా తిరగనిచ్చాను. అన్నీ అయ్యాక, అన్నిటికన్నా పై వరసలో, ఆ మాట నా చేత్తో నేనే రాశాను. ఈసారి ముద్ర పడుతుందని ముందే చెప్పి మరీ రాశాను. ఆమె తల ఊపింది. "రైట్ రైట్" అని మీట నొక్కాను.

పదో రోజు వాళ్ళ వీధిలోనే షామియానా కింద తెర కట్టి వేశారు. డ్రైవర్లు, కండక్టర్లు, ఆ గృహప్రవేశం దంపతులు, ఎవరెవరో డాబాల యజమానులు, నేల మీద చోటు చాలక గోడలెక్కి కూర్చున్నారు. నేను చివర ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మా ఆవిడ నా పక్కనే ఉంది. వీడియో అయిపోయింది. ముందు వరసలో ముసలి కండక్టర్ ఒకాయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని పక్కవాళ్ళతో అన్నాడు: "పోయేముంగట గిది ఎప్పుడు చేసి పెట్టిండు కాక? ఆయనది ఆయనదే. గిట్ల ఇంకెవ్వనికొస్తది?"

అవునంటే అవునన్నారు అందరూ. ఎవరు చేశారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆయన బిడ్డ నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. వద్దని సైగ చేశాను. మా ఆవిడ నా ముఖంలోకి వంగి చూసింది.

"మాడిపోయింది" అంది.

అంటే వీడియో బాగా వచ్చినట్టే.